పత్తి ధర లెక్కతో మొదటి ప్రోగ్రాం

ఆదిలాబాద్ యార్డయినా జమ్మికుంట యార్డయినా పత్తి బండి ఆగగానే ముందు చూసేది తేమ. 2024-25 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. అది 8 శాతం తేమ ఉన్న పత్తికి. ఆపైన పెరిగే ఒక్కో శాతానికి ధరలో నూటికి ఒక రూపాయి కోత. 12 దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ తీసుకోదు. రైతుబిడ్డలకు ఈ లెక్క కొత్తేమీ కాదు. ప్రోగ్రాం రాయడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మొదటి పాఠం నాకు కనిపించలేదు. అది కూడా గ్రాఫులు గీసే, ప్రోగ్రాం రాసుకోగలిగే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ మీద నేర్చుకుంటే మరీ మంచిది.

ఈ యంత్రం మన దగ్గర అరుదు. ఇంజినీరింగ్ పిల్లల సంచిలో ఉండేది మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్. ప్రోగ్రాం రాసుకోగలిగేవాటిని పరీక్ష హాల్లోకి రానివ్వరు కనుక కొనేవాళ్లూ తక్కువే. ఇక్కడి నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్ల పిల్లలకు మాత్రం హైస్కూల్లో టీఐ-84 అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ రోజూ చేతిలో ఉండే వస్తువు. 1985లో కాసియో తెచ్చిన ఎఫ్‌ఎక్స్-7000జీతో ఈ రకం మొదలైంది. అందులో ప్రోగ్రాంలకు దొరికే చోటు 422 బైట్లు. 1996లో వచ్చిన టీఐ-83 తెర మీద వరుసకు 16 అక్షరాలు, మొత్తం 8 వరుసలు పడతాయి.

ఆ ఇరుకే నేర్చుకునేవాళ్లకు మేలు. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీ, పదో తరగతి పాసైన పల్లె పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చింది. అది చాలా పెద్ద పని. కానీ ల్యాప్‌టాప్‌లో మొదటి వరుస రాయడానికి ముందే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలి, ఫైలు ఎక్కడ దాచామో గుర్తుంచుకోవాలి. కాలిక్యులేటర్‌లో ఆ బాధ లేదు. టీఐ-83తో వచ్చే పుస్తకంలో 16వ అధ్యాయం స్థూపం ఘనపరిమాణంతో మొదలవుతుంది. ఏ మీట నొక్కాలో చెబుతుంది, నొక్కితే తెర మీద ఏం కనిపిస్తుందో చూపిస్తుంది. తొమ్మిదో తరగతి లెక్క వచ్చినవాళ్లు అక్కడి నుంచి సాగిపోవచ్చు.

ఆ పద్ధతిలోనే పత్తి లెక్క రాద్దాం. ఎమ్ అంటే తేమ, పీ మద్దతు ధర, ఆర్ కోత పోగా వచ్చే ధర. ప్రాంప్ట్ విలువ అడుగుతుంది, ఇఫ్ షరతు చూస్తుంది, డిస్ప్ తెర మీద చూపిస్తుంది.

ప్రాంప్ట్ ఎమ్
7521→పీ
పీ-(ఎమ్-8)*75.21→ఆర్
ఇఫ్ ఎమ్>12
డిస్ప్ "నో"
డిస్ప్ ఆర్

ప్రాంప్ట్, ఇఫ్, డిస్ప్ లాంటి మాటలను అక్షరం అక్షరం కొట్టనక్కర్లేదు, మెనూలోంచి ఎంచుకుంటే చాలు. స్పెల్లింగ్ తప్పుల గొడవే ఉండదు. అన్నిటికన్నా నాకు నచ్చేది ఆ బాణం గుర్తు. ఎడమవైపు లెక్క పూర్తయ్యాక ఫలితం కుడివైపు పేరులోకి వెళ్తుందని చూడగానే తెలుస్తుంది. పైథాన్ లాంటి భాషల్లో అదే పని సమాన గుర్తు చేస్తుంది. బళ్లో సమీకరణాలు నేర్చుకుని వచ్చిన పిల్లలు, ఒక సంఖ్య తనకే ఒకటి కలిపిన దానితో ఎలా సమానమవుతుందని ఆగిపోయేది అక్కడే.

తేమ 10 అని ఇస్తే 7370.58 వస్తుంది. బాగుంది. 14 ఇచ్చి చూడండి. "నో" అని వస్తుంది, దాని కిందే 7069.74 కూడా వస్తుంది! కొననే కొనని పత్తికి ధర కట్టింది. ఈ యంత్రంలో ఒట్టి ఇఫ్ అధికారం తన కింది ఒక్క వరుసకే. ఆ తర్వాతి వరుస ఎలాగైనా నడుస్తుంది. దెన్ (అయితే), ఎల్స్ (లేకపోతే), ఎండ్ (ముగింపు) చేర్చి, ధర చూపించే వరుసను ఎల్స్ కిందికి తెస్తే సరిపోతుంది. తేమ 8కి తక్కువగా ఇస్తే ఇదే ప్రోగ్రాం ధర పెంచి చూపిస్తుంది. అది కావాలో వద్దో తేల్చుకోవలసింది రాసేవారే.

రాతలోనే తప్పుంటే యంత్రం పని ఆపి, తప్పు రకం చెప్పి, కింద రెండు దారులు చూపిస్తుంది: బయటికి వెళ్లడం, లేదా తప్పు దగ్గరికే వెళ్లడం. రెండోది నొక్కితే కర్సర్ సరిగ్గా ఆ చోటే నిలుస్తుంది. దారి చూపేవాళ్లు పక్కన లేని ఊళ్లో ఒంటరిగా నేర్చుకునే పిల్లకు ఈ ఒక్క సదుపాయం ఎంత ధైర్యమో!

యంత్రం కొనే స్తోమత లేకపోయినా పర్వాలేదు. ఫ్రాన్స్‌లో 2017లో వచ్చిన నమ్‌వర్క్స్ కాలిక్యులేటర్ నమూనా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో రాసేది పైథాన్. బాణం ఉండదు గానీ చిన్న తెర, చిన్న ప్రోగ్రాం అనే పద్ధతి అక్కడా ఉంటుంది.

మన పత్తి ప్రోగ్రాంలో తర్వాతి మెట్టు, ఒకే పనిని వేర్వేరు విలువలతో మళ్లీ మళ్లీ చేయించే ఫర్. తేమను 8 నుంచి 12 దాకా తిప్పితే అయిదు ధరలూ వరుసగా వస్తాయి: 7521, 7445.79, 7370.58, 7295.37, 7220.16. అక్కడితో ఆపకుండా మూడో వరుసలోని 75.21ని తీసేసి, పీని 100తో భాగించమని రాయండి. 2025-26లో మద్దతు ధర 8,110 అయింది. ఇప్పుడు మార్చవలసింది పీ విలువ ఒక్కటే. 12 శాతం దగ్గర 7785.6 దానంతటదే వస్తుంది.