మూడో పద్దు వేసిన ప్రొఫెసరు

ప్రతి ఖర్చుకూ ఒక జమ, ప్రతి జమకూ ఒక ఖర్చు. జంటపద్దు రహస్యమంతా ఇంతేనని ఏ కొట్టు గుమాస్తా అయినా చెబుతాడు. ఇటలీ సన్యాసి లూకా పాచోలీ 1494లో వెనిస్‌లో అచ్చువేయించిన గణిత గ్రంథంలో దీనిని వివరించాడు. దాదాపు ఐదు వందల ఏళ్ల తరువాత ఒక జపాను మేధావి, “రెండు పద్దులతోనే ఎందుకు ఆగాలి?” అని ఆలోచనలో పడ్డారు. ఆయనే యూజీ ఇజిరి.

1935లో కోబే నగరంలో పుట్టిన ఇజిరి చిన్ననాడే తండ్రి రొట్టెల దుకాణం లెక్కలు రాశారు. ఇరవైయొకటో ఏట అకౌంటెంటు పరీక్ష పూర్తిచేసి, జపానులో అంత చిన్న వయసులో ఆ పట్టా పొందినవారు లేరనిపించుకున్నారు. 1959లో అమెరికా వెళ్లి, 1963లో పిట్స్‌బర్గులోని కార్నెగీ సంస్థలో డాక్టరేటు పుచ్చుకున్నారు. స్టాన్‌ఫర్డులో కొంతకాలం బోధించి, 1967లో మళ్లీ కార్నెగీకే వచ్చారు. నోబెల్ బహుమతి గ్రహీత హెర్బర్ట్ సైమన్‌తో కలిసి కంపెనీల పరిమాణాలపై 1977లో ఒక గ్రంథం వెలువరించారు.

ఇంతకీ మూడో పద్దు ఏమిటి? ఒక దుకాణం సంగతే చూడండి. ఆస్తి ఎంతో ఒక పద్దు చెబుతుంది. ఆ ఆస్తి ఏ రాబడి వల్ల పెరిగిందో రెండోది చెబుతుంది. నిరుడు నెలకు 500 రూపాయలు మిగిలిన కొట్టులో ఇప్పుడు 600 మిగులుతున్నాయనుకోండి. కొత్త ఖాతాదారుల వల్ల 150 పెరిగింది, అద్దె హెచ్చి 50 తగ్గింది. రాబడి వేగాన్ని మార్చిన ఈ శక్తులను రాసేదే మూడో పద్దు! 1982లో ఆయన దీనిని ప్రకటించారు. పండితులు చర్చించారే గాని, కంపెనీల ఆవర్జాల్లోకి అది ఎక్కలేదు. నేడు కంప్యూటరు లెక్కలలో ఈ పేరుతో చెలామణి అయ్యేది వేరే సంగతి.

ఇంత కొత్తదనం కోరిన మనిషి మరొక విషయంలో పాతకాపు. ఆస్తిని కొన్న ధరకే రాయాలని పట్టుబట్టారు. ఇరవై వేలకు కొన్న ఇల్లు ఇప్పుడు లక్ష చేస్తుందని ఒకరంటారు, డెబ్బై వేలేనని మరొకరంటారు. కొన్న ధరకు మాత్రం రసీదు ఉంటుంది. లెక్క చెప్పేవాడు, అడిగేవాడు ఇద్దరూ ఒప్పుకోవాలంటే అంకె ఎవరు లాగితే వారి వైపు సాగకూడదని ఆయన వాదం. ధరలు మండిపోతున్నప్పుడు పాత ధరలు నిజం చెబుతాయా అని ఎదిరించినవారూ లేకపోలేదు. ఆ తగవు నేటికీ తెగలేదు.

ఇజిరి 2017లో కన్నుమూశారు. సొమ్ము ఒకరిది, పెత్తనం మరొకరిది అయినచోట లెక్క చూపడం ధర్మం. ఆయన పరిశోధనలన్నిటికీ మూలసూత్రం అదే.