పట్టూ విడుపూ తెలిసిన యంత్రం

ఇరవై ఏళ్లు దాటిన కారులో క్రూయిజ్ కంట్రోల్ మొరాయిస్తే చాలామంది ముందు బానెట్ ఎత్తుతారు. చెయ్యి తిరిగిన మెకానిక్ మాత్రం కారు వెనక్కి వెళ్లి, బ్రేక్ తొక్కమని చెప్పి, ఎర్రదీపాలు వెలుగుతున్నాయో లేదో చూస్తాడు. వేగాన్ని నిలబెట్టే యంత్రానికీ వెనక దీపాలకూ సంబంధం ఏమిటి? వేగాన్ని పట్టి ఉంచడం ఈ యంత్రానికి సగం పనే. బ్రేక్ మీద కాలు పడిన క్షణంలో వదిలెయ్యడం మిగతా సగం. రెండో సగాన్ని అర్థం చేసుకున్నవాళ్లకే దీని జబ్బు పట్టుబడుతుంది.

చూపులేని ఇంజనీరు

యంత్రం తన వేగాన్ని తానే సరిదిద్దుకోవడం పాత విద్యే. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి గవర్నర్ అమర్చాడు. వేగం పెరిగితే అందులో తిరిగే గుండ్లు ఎడంగా జరిగి ఆవిరిని తగ్గిస్తాయి, వేగం పడిపోతే దగ్గరై ఆవిరిని పెంచుతాయి. ఇలాంటి యంత్రం ఒక్కోసారి వేగాన్ని నిలపలేక ఎక్కువతక్కువల మధ్య ఊగిసలాడుతుంది. ఎప్పుడు స్థిరపడుతుందో, ఎప్పుడు ఊగుతుందో 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గణితంతో వివరించాడు.

ఈ విద్యను కారులోకి తెచ్చినవారిలో ముఖ్యుడు రాల్ఫ్ టీటర్. 1890లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో హేగర్స్‌టౌన్‌లో పుట్టాడు. అయిదేళ్ల వయసులో కత్తి తగిలి కంటికి గాయమైంది, కొంతకాలానికే రెండు కళ్లూ పోయాయి. అయినా 1912లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పట్టా అందుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నౌకల ఆవిరి టర్బైన్లలో తిరిగే భాగాలకు తూకం సరిచేసే పనిలో అతని చేతి స్పర్శ అక్కరకొచ్చింది. తర్వాత పిస్టన్ రింగులు తయారుచేసే పర్ఫెక్ట్ సర్కిల్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు.

అతని స్నేహితుడైన ఒక లాయరు కారు నడుపుతూ, మాట్లాడేటప్పుడు వేగం తగ్గించేవాడట, వినేటప్పుడు పెంచేవాడట. పక్కన కూర్చున్న టీటర్‌కు ఆ కుదుపులు చికాకు తెప్పించాయని, అక్కడే ఈ ఆలోచన మొలిచిందని చెబుతారు. 1950లో అతనికి పేటెంటు వచ్చింది. అతని మొదటి పరికరం కారును నడపదు. అనుకున్న వేగం చేరగానే ఆక్సిలరేటర్ పెడల్‌ను ఎదురు తోసి కాలికి సంగతి తెలియజేస్తుంది, అంతే. పెడల్ మీంచి కాలు తీసేసినా వేగం నిలిచే ఏర్పాటు తర్వాత చేరింది. 1958లో క్రైస్లర్ తన ఖరీదైన కార్లలో దీన్ని ‘ఆటో-పైలట్’ పేరుతో అందించింది. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో గరిష్ఠ వేగాన్ని గంటకు 55 మైళ్లకు, అంటే సుమారు 89 కిలోమీటర్లకు కట్టడి చేశారు. కాలు అదుపులో పెట్టుకోవాల్సిన ఆ రోజుల్లో దీనికి గిరాకీ పెరిగింది.

గాలి లాగే తీగ

పాత కార్లలో ఎక్కువగా కనిపించేది వాక్యూమ్‌తో పనిచేసే రకం. స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినట్టు, నడిచే ఇంజను గాలిని లోపలికి లాగుతుంది. ఆ పీల్పు ఒక చిన్న డబ్బాలోని రబ్బరు పొరను వెనక్కి లాగితే, దానికి కట్టిన తీగ ఇంజనుకు గాలి అందించే మూతను, అంటే థ్రాటిల్‌ను తెరుస్తుంది. కారు వేగం ఎంతో సెన్సర్ చెబుతూ ఉంటుంది. ఎలక్ట్రానిక్ పెట్టె దాన్ని మనం కోరిన వేగంతో పోల్చి, పొర మీద లాగుడు పెంచుతుంది లేదా తగ్గిస్తుంది.

చిక్కేమిటంటే, ఎత్తు ఎక్కేటప్పుడు థ్రాటిల్ బాగా తెరుచుకుంటే పీల్పు పడిపోతుంది. బలం కావలసిన చోటే బలం చాలదు. అందుకే చాలా కార్లలో పీల్పును దాచే ఒక డబ్బా, అది వెనక్కి జారకుండా ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉంటాయి. సమతలం మీద బాగా నడిచి ఎత్తులో చతికిలపడే కారులో మొదట అనుమానించవలసింది ఈ రెంటినే.

విడుపు కోసం చేసిన ఏర్పాటు ఇంతకన్నా ముచ్చటైనది. బ్రేక్ తొక్కగానే స్విచ్ నుంచి పెట్టెకు కబురు వెళ్తుంది. కరెంటు ఆగితే డబ్బాలోకి బయటి గాలి చొరబడి తీగ వదులైపోతుంది. చాలా కార్లలో ఇది చాలదన్నట్టు, బ్రేక్ పెడల్ దగ్గరే కరెంటుతో పనిలేని గాలి వాల్వు ఇంకొకటి పెట్టారు. ఒక దారి మూసుకుపోయినా రెండోది తెరుచుకోవాలన్నది దాన్ని రూపొందించినవాళ్ల పట్టుదల.

జబ్బు పట్టుకునే వరస

క్రూయిజ్ అసలు అందుకోకపోతే ఫ్యూజు తర్వాత చూడవలసింది బ్రేక్ దీపాలనే. కొన్ని పాత కార్లలో, బ్రేక్ తొక్కనప్పుడు ఆ బల్బుల ఫిలమెంట్ ద్వారా పెట్టె ఎర్త్ (గ్రౌండ్) దారిని వెతుక్కుంటుంది. బల్బులు మాడిపోయినా, వాటి స్థానంలో ఎల్ఈడీలు పెట్టినా, దారి తెగిందనుకుని పని మొదలుపెట్టదు. దీపాలు ఆరకుండా వెలుగుతూనే ఉంటే, పెడల్ దగ్గర స్విచ్‌ను నొక్కి ఉంచే చిన్న ప్లాస్టిక్ బిళ్ల పొడిపొడిగా రాలిపోయి ఉండవచ్చు. అప్పుడు బ్రేక్ ఎప్పుడూ తొక్కి ఉన్నట్టే యంత్రం లెక్క. గేర్ల కారైతే క్లచ్ స్విచ్‌నూ ఇలాగే చూడాలి.

తర్వాత రబ్బరు గొట్టాలు. ఇంజను వేడికి అవి కొసల దగ్గర పగులుతాయి. చేతి వాక్యూమ్ పంపుతో డబ్బాను లాగి పట్టి ఉంచితే, పొర చిరిగిందో లేదో తేలిపోతుంది. వేగం ఊగిసలాడుతుంటే తీగ వదులైందేమో చూడాలి. మాక్స్‌వెల్ లెక్కకట్టింది ఇలాంటి ఊగిసలాటనే. స్పీడోమీటర్ ముల్లు వణికినా, కదలకపోయినా తప్పు వేగపు సెన్సర్‌దో దాని తీగదో కావచ్చు. స్టీరింగ్ మీది మీటలతో పాటు హారన్ కూడా మూగబోతే, చక్రంలో చుట్టుకుని ఉండే రిబ్బన్ తీగ తెగి ఉండవచ్చు. అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కనుక ఆ పని తెలిసినవాళ్లకే వదలాలి.

చెయ్యకూడని పని ఒకటుంది. బ్రేక్ స్విచ్ అడ్డొస్తోందని దాని తీగలను కలిపి ముడివెయ్యడం. అలా చేస్తే కొన్ని కార్లలో క్రూయిజ్ పనిచెయ్యవచ్చు, కానీ విడిచే దారుల్లో ఒకటి పోతుంది.

విడిపించే స్విచ్‌కే ముసలితనం వస్తే ఏమవుతుందో ఫోర్డ్ కార్ల చరిత్ర చెబుతుంది. బ్రేక్ మాస్టర్ సిలిండర్ దగ్గర అమర్చిన ఆ స్విచ్‌లో ఒకవైపు బ్రేక్ ద్రవం, ఇంకోవైపు కరెంటు, నడుమ పల్చని పొర. పొర పగిలి ద్రవం అటు చేరితే వేడెక్కి మంటలు రేగే ప్రమాదం ఉండేది. తాళం తీసేసినా కరెంటు ఉండటంతో, ఆపి ఉంచిన కార్లు సైతం అంటుకున్నాయి. 1999 నుంచి 2009 దాకా విడతలవారీగా సుమారు 1 కోటి 40 లక్షల వాహనాలను మరమ్మతుకు వెనక్కి పిలిచారు. అమెరికాలో పాత కారు కొనుక్కునే మన విద్యార్థులు దాని ఛాసీ నంబరుతో, ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో ఇలాంటి మరమ్మతు మిగిలి ఉందేమో ఉచితంగా చూసుకోవచ్చు. కొనే ముందు అది తప్పక చెయ్యాలి.

ఈనాటి కార్లలో వాక్యూమ్ డబ్బా పోయింది, మోటారు థ్రాటిల్‌ను తిప్పుతుంది, కొన్నిటిలో రాడార్ ముందున్న బండిని చూసి వేగం తగ్గిస్తుంది. బ్రేక్ తొక్కితే విడవాలన్న నియమం మాత్రం మారలేదు. కాబట్టి మరమ్మతు అయ్యాక ఖాళీ రోడ్డు మీద చెయ్యవలసిన పరీక్షలు రెండు: వేగం నిలుస్తోందా, బ్రేక్ తాకగానే వదులుతోందా. మొదటిది తప్పినా కారు మామూలుగా నడుపుకోవచ్చు. రెండోది తప్పితే, అది సరయ్యేదాకా క్రూయిజ్ మీట ముట్టుకోకూడదు.