మా యింట్లో పాచికలు

కాలేజీలో నేను చెప్పే పాఠాల్లో నన్నయగారి సభాపర్వం ఒకటి. జూదపు ఘట్టం వచ్చినప్పుడల్లా గొంతు కాస్త పెంచి, "చూశారా, పాచిక పట్టినవాడి గతి యేమయిందో!" అని పిల్లల్ని హెచ్చరించడం నాకు యేళ్ళ తరబడి అలవాటు. అలాంటివాణ్ణి యివాళ ఆదివారం భోజనాలు కాగానే పాచికలు పుచ్చుకొని కూర్చుంటున్నానంటే అందుకు మా మేనల్లుడే బాధ్యుడు.

వాడు బెంగుళూరులో వుద్యోగం చేస్తున్నాడు. 2024 సంక్రాంతికి వస్తూ బట్టల సంచీతోబాటు రెండు పెద్ద అట్టపెట్టెలు మోసుకొచ్చాడు.

"ఏమిట్రా అవి?" అన్నాను.

"ఆటలు, మామయ్యా!"

ఒక్కొక్కటి మూడువేల చిల్లర అని విని నోరు తెరిచాను. ఆ డబ్బుతో మంచి నిఘంటువులు కొనుక్కోవచ్చు. వైకుంఠపాళీ పటమూ, నాలుగు గవ్వలూ వుంటే తరతరాలు గడిచిపోయిన దేశంలో అట్టముక్కలకు మూడువేలా!

"వైకుంఠపాళీలో నువ్వు చేసేదేముంది మామయ్యా? పందెం పడితే నిచ్చెన, లేకపోతే పాము. నీ పందెం పక్కింటాయన వేసినా ఆట అలాగే నడుస్తుంది" అన్నాడు వాడు.

మాట నచ్చలేదు గాని జవాబు దొరకలేదు. పరమపదానికి దారి చూపే పటమే అయినా, అందులో మన తెలివికి పని లేదన్నది నిజమే. అష్టాచెమ్మాలో కాస్త వుంది. ఏ కాయ నడపాలో మన యిష్టం. మూడు పులులూ, పదిహేను మేకలూ వుండే పులిజూదంలో పాచికే లేదు, అంతా బుర్రే. మావాడు తెచ్చిన ఆటలు యీ రెండింటికీ నడిమి దారిన పోయేవి. అదృష్టమూ వుంటుంది, ఆలోచనా వుంటుంది.

మొదటి పెట్టె పేరు కాటాన్. దీన్ని కల్పించిన క్లాస్ టాయ్‌బర్ జర్మనీ దేశస్థుడు. వృత్తి కట్టుడుపళ్ళు తయారు చెయ్యడం. పగలంతా పళ్ళతో విసిగి, తీరిక దొరికినప్పుడు యింటి నేలమాళిగలో ఆటలు అల్లుకొని, వాటిని ముందుగా యింట్లోవాళ్ళతో ఆడించి చూసేవాడు. ఆ దేశంలో 1979 నుంచి యేటా ఒక మంచి ఆటను ఎంచి 'ఈ యేటి ఆట' అని బహుమానం యిస్తున్నారు. 1995లో కాటాన్ వెలువడింది. ఆ యేడే బహుమానమూ దక్కింది. అక్కడి ఎస్సెన్ పట్టణంలో 1983 నుంచి యిలాంటి ఆటలకు యేటేటా తిరునాళ్ళే జరుగుతోంది. టాయ్‌బర్ 2023లో కన్ను మూశాడు. ఆ మరుసటి సంక్రాంతికి ఆయన ద్వీపం మా వసారాలో దిగింది.

ద్వీపమంటే ఆరు మూలల అట్టబిళ్ళలు 19. అడవి కలప యిస్తుంది, మట్టిదిబ్బ యిటుకలు యిస్తుంది, పచ్చిక ఉన్ని, పొలం ధాన్యం, కొండ లోహం. ఒక్కటి మాత్రం ఎడారి. దానిలో యేమీ పండదు. మిగిలిన ప్రతి బిళ్ళమీదా ఒక అంకె వుంటుంది. రెండు పాచికలు వేస్తే వచ్చిన మొత్తం యే అంకో, ఆ బిళ్ళ మూలన యిల్లున్నవాళ్ళకు ఆ సరుకు ముడుతుంది. కొత్త యిల్లు కట్టాలంటే కలప, యిటుక, ఉన్ని, ధాన్యం తలా ఒకటి కావాలి. అన్నీ యెవరి దగ్గరా వుండవు. అందుచేత, "నీకు ఉన్ని యిస్తాను, నాకు యిటుక యియ్యి" అని బేరం ఆడక తప్పదు. ముందుగా 10 పాయింట్లు కూడబెట్టినవాళ్ళు గెలిచినట్టు.

నేను, మా ఆవిడ, మా అమ్మాయి, మేనల్లుడు కూర్చున్నాం. నాన్నగారు వాలుకుర్చీలో పత్రిక అడ్డం పెట్టుకొన్నారు. ఆ పెట్టెలో నలుగురికి మించి ఆడడానికి వీలు లేదు; ఆయన అడగనూ లేదు.

పన్నెండు పెద్ద అంకె గదా, పంట కూడా పెద్దదే అవుతుందని నేను పన్నెండు అంకె వున్న పొలం పక్కన యిల్లు కట్టాను. గంట గడిచినా అక్కడ గింజ రాలలేదు. ఇంటర్మీడియట్ చదివే మా అమ్మాయి జాలిపడి చెప్పింది: రెండు పాచికలు 36 విధాల పడవచ్చునట. అందులో పన్నెండు వచ్చే విధం ఒక్కటే. ఆరూ, ఎనిమిదీ అయిదేసి విధాల వస్తాయి. ఏడు ఆరు విధాల వస్తుంది గాని అది పంట అంకె కాదు, దొంగ అంకె. ఏడు పడినప్పుడు చేతిలో ఏడుకు మించి ముక్కలున్నవాళ్ళు సగం వదులుకోవాలి.

"అంకెల కింద చుక్కలు వేసి మరీ చెప్పారు గదా నాన్నా! చూడలేదూ?"

చూడలేదు. పాఠం చెప్పే అలవాటే గాని, చదివే అలవాటు తప్పిపోయింది కాబోలు.

గెలిచింది మా ఆవిడ. ఆవిడ యెవరికీ 'లేదు' అనలేదు; ఎవరికేది యెప్పుడు కావాలో కనిపెట్టి, రెండుకు ఒకటి చొప్పున యిచ్చింది. ఇంటి జమాఖర్చులు యిన్నేళ్ళుగా నేనే చూస్తున్నాను గనుక ఆవిడకు యింత బేరం తెలుసునని నాకు తెలియదు. ఆ నెలనుంచి పద్దుల పుస్తకం ఆవిడ చేతికి వెళ్ళింది. ఇంతవరకూ యే లోటూ లేదు.

కాటాన్‌లో మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. మా చిన్నతనంలో ఆడిన 'బిజినెస్' ఆటలో దివాలా తీసినవాడు గోడకానుకొని గోళ్ళు గిల్లుకోవాలి. ఇందులో చివరిదాకా అందరూ వుంటారు. బిజినెస్‌కు తల్లివంటిది మొనోపలీ. దాని మూలం 1904లో అమెరికాలో లిజ్జీ మాగీ అనే ఆవిడ హక్కులు పొందిన భూస్వామి ఆట. భూములన్నీ ఒక్కడి చేతికి పోతే మిగిలినవాళ్ళ గతి యేమవుతుందో చూపడానికి ఆవిడ దాన్ని కల్పిస్తే, జనం భూములు కాజెయ్యడమే సరదా అనుకొన్నారు! ఇక కాటాన్‌లో లోపాలు: మొదటి రెండిళ్ళు తప్పుచోట కడితే ఆ తప్పు చివరిదాకా వెంటాడుతుంది, ముగ్గురికి తక్కువైనా, నలుగురికి ఎక్కువైనా ఆ పెట్టె పనికి రాదు.

రెండో పెట్టె మూత తియ్యబోయి మావాడు ఆగిపోయాడు. పైన పేరు పాండెమిక్. అంటే మహమ్మారి. వాడు ఒకసారి నాన్నగారివైపు చూసి, పెట్టెను బీరువామీద పెట్టేశాడు. మా అమ్మ 2021 మేలో కోవిడ్‌తో పోయింది.

వేసవి సెలవుల్లో నాన్నగారే అడిగారు, "బీరువామీద వున్నదేమిట్రా?" అని. "మనకు బాగుండదు లెండి" అన్నాను. "దించు" అన్నారు.

2008లో వెలువడిన దీన్ని మాట్ లీకాక్ అనే అమెరికన్ కల్పించాడు. ప్రపంచ పటంమీద 48 నగరాలు. మన చెన్నై, ఢిల్లీ, ముంబయి, కలకత్తా కూడా వున్నాయి. నాలుగు రంగుల ఘనాలు నాలుగు రోగాలు. ఇందులో ఒకరితో ఒకరికి పోటీ లేదు. అందరిదీ ఒకే పక్షం. గెలిస్తే అందరమూ, ఓడితే అందరమూ. ఒక్కొక్కరికి ఒక్కొక్క వుద్యోగం. వంతుకు నాలుగు పనులు. నాలుగు రోగాలకూ మందు కనిపెడితే గెలుపు. రోగం ఎనిమిదిసార్లు కట్టలు తెంచుకొన్నా, చేతికి తీసుకొనే ముక్కల దొంతర అయిపోయినా ఓటమి.

నాన్నగారికి వైద్యుడి ముక్క వచ్చింది. నేను నియమాల పుస్తకం తిరగేసి వున్నాను గనుక నాయకత్వం నాదే. "అమ్మాయీ, నువ్వు ఢిల్లీ వెళ్ళు. నాన్నగారూ, చెన్నై తరవాత చూద్దాం, మీరు కలకత్తా వెళ్ళండి" అని అందరి వంతులూ నేనే ఆడుతున్నాను.

నాన్నగారు కాయ కింద పెట్టారు. "నా వంతు నాకు వదలరా. మీ అమ్మ విషయంలోనూ అన్నీ నువ్వే తేల్చావు. నన్ను ఒక్క మాట అడగలేదు" అన్నారు. గొంతు పెంచలేదు.

ఆ రాత్రి అమ్మకు ఆయాసం వచ్చింది. నాన్నగారు చెప్పులు తొడుక్కొని గుమ్మంలో నిలబడ్డారు. "ఈ వేళప్పుడు పడక యెక్కడా దొరకదు, తెల్లవారి పోదాం" అన్నది నేను. తెల్లవారి వెళ్ళాం. అయిదో రోజున అమ్మ పోయింది. ఆ రాత్రే వస్తే బ్రతికేదని యే డాక్టరూ అనలేదు. బ్రతికేది కాదనీ అనలేదు. మూడేళ్ళు ఆ మాట మా యిద్దరి మధ్యా వుంది. ఎవరమూ యెత్తలేదు.

"తప్పే నాన్నగారూ" అన్నాను. ఆయన తల వూపి, కాయ తీసుకొని చెన్నై వెళ్ళారు. వైద్యుడు ఒక్క పనితో ఒక నగరంలో ఒక రంగు ఘనాలన్నిటినీ తీసెయ్యగలడు. తీసేశారు.

ఆ ఆట ఓడిపోయాం. ఒక రోగానికి మందు దొరక్కుండానే ముక్కలు అయిపోయాయి. "మళ్ళీ పరచండి" అన్నారు నాన్నగారు. రెండోదీ ఓడాం. మూడోది గెలిచాం.

ఈ ఆటలోని లోపం అదే: తెలిసినవాడొకడు కూర్చుంటే మిగిలినవాళ్ళకు కాయలు జరపడమే మిగులుతుంది. అది పెట్టె తప్పో, కూర్చున్నవాడి తప్పో పాఠకులే చెప్పాలి. మా యింట్లో మాత్రం ఒక నియమం పెట్టుకొన్నాం: అడగనిదే ఒకరి వంతులో మరొకరు మాట్లాడకూడదు.

కొనదలచినవారికి ఒక్క మాట. ముందు ఎవరింట్లోనయినా ఒకసారి ఆడి చూసి కొనండి. నియమాలు తెలిసినవారు పక్కనుంటే మొదటి పూట విసుగు తగ్గుతుంది. పదేళ్ళ లోపు పిల్లలున్నచోట వీటికి తొందరపడనక్కరలేదు.

కిందటి దసరాకు నాన్నగారు తన పెట్టె తీసి గుడ్డసంచీ ఒకటి పైకి తీశారు. అమ్మ గవ్వలు. 2021 తరవాత ఆ సంచీ ముడి యెవరూ విప్పలేదు. సుద్దముక్కతో నేలమీద అయిదు గళ్ళకు అయిదు గళ్ళు గీసి, మనమరాలికి అష్టాచెమ్మా నేర్పడం మొదలుపెట్టారు. నన్నూ పిలిచారు. వెళ్ళి కూర్చున్నాను. ఏ కాయ నడపాలో ఎవరికీ చెప్పలేదు.