అల్పసంఖ్యాకుల కంప్యూటరులు — ఆటల నిర్మాతల ధర్మము



నేటి బాలురు కంప్యూటరు ముందు గూర్చుండి యాడెడి యాటలను మీరు చూచియే యుందురు. ఆ యాటల నిర్మాతలు జనబాహుళ్యము వాడెడి వ్యవస్థకు మాత్రమే వానిని సమకూర్చిన జాలునా, కొలదిమంది వాడెడి వ్యవస్థలకును సమకూర్పవలెనా యను వివాదము చిరకాలముగా నున్నది. విషయము బాలక్రీడయే యైనను ఇందొక ధర్మసూక్ష్మము గలదు గావున మీ ముందుంచుచున్నాను.

మొదట పరిభాషను దెలిసికొందము. కంప్యూటరు యంత్రముచే సమస్తమైన పనులను జేయించు మూలవ్యవస్థకు ఆపరేటింగు సిస్టమని పేరు. మైక్రోసాఫ్టువారి విండోసు, ఆపిలువారి మాక్, 1991వ సంవత్సరమున ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు ఆరంభించిన లినక్సు వీనిలో ముఖ్యములు. లినక్సును ఎవ్వరైనను మూల్యము లేకయే గైకొని, దాని లోపలి రచనను జదివి సవరించుకొనవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థవారు దానిని తెలుగులోనికిని దెచ్చిరి.

ఒక వ్యవస్థకు వ్రాసిన యాట వేరొకదానిపై నేల నడువదు? ఆట తానుగా బొమ్మ గీయదు, ధ్వని చేయదు. ‘ఈ బొమ్మను జూపుము, ఈ ధ్వనిని వినిపింపుము’ అని మూలవ్యవస్థను గోరును. ఒక్కొక్క వ్యవస్థకు ఆ కోరికను దెలుపు భాష వేరు. పూర్వము గుంతకల్లులో బ్రాడుగేజి, మీటరుగేజి మార్గములు రెండును గలిసెడివి. ఒకదాని బండి రెండవదాని పట్టాలపై నడువదు గనుక సరకును దింపి మరల నెక్కింపవలసి వచ్చెడిది. ఇదియు నట్టిదే.

ఇక పూర్వపక్షము. ఆటలను విక్రయించు స్టీము అంగడివారు నెలనెల ప్రకటించు లెక్కలలో నూటికి తొంబదిమందికి పైగా విండోసువారే. లినక్సువారు ఇటీవల మూడింటి ప్రాంతమునకు వచ్చిరి. ఇంత స్వల్పసంఖ్యకై వేరుగా వ్రాయుటయు, లినక్సు భేదము లన్నిటిపై బరీక్షించుటయు వ్యయసాధ్యము. ఆటలను లినక్సునకు మార్చుటయే వృత్తిగా 1998లో నెలకొనిన లోకి సంస్థ 2002లో మూతపడెను. రాకెట్ లీగ్ అను ఆట నిర్మాతలు, మాక్, లినక్సువారు కలిసియు నూటికి 0.3 వంతునకు లోపే యని చెప్పి, 2020 మార్చిలో వారికి పరస్పరము గలిసి యాడు సౌకర్యమును నిలిపివేసిరి. కొన్నవారికి మూల్యము తిరిగి యిచ్చుటకు మాత్ర మంగీకరించిరి. కోటి విద్యలు కూటికొరకే గదా యని వీరి వాదము.

ఈ వాదము తేలికగా ద్రోసివేయదగినది కాదు. అయినను దీనికి సమాధానములు గలవు.

సంఖ్య తక్కువ యగుటకు గారణమేమి? ఆటలు లేవు గనుక జనులు చేరరు. జనులు చేరరు గనుక ఆటలు రావు. ఇది బీజాంకుర న్యాయము. ఎవరో యొకరు ముందుగా విత్తవలెను. అట్లు విత్తినవారు నష్టపోయి తీరుదురనుటయు సరి కాదు. 2010లో, ఇచ్చవచ్చిన మూల్య మిచ్చి కొనుడని హంబుల్ ఇండీ బండిల్ అను ఆటల మూట నమ్మగా, లినక్సువారు సగటున విండోసువారి కంటె నధికముగా నిచ్చిరి.

మరియు అందరును ఒకే బాటను నమ్ముకొనినచో ఆ బాట యజమాని విధించిన సుంకమే సుంకము. 2012లో విండోసు ఎనిమిదవ కూర్పు తన సొంత అంగడితో వెలువడినపుడు, స్టీము యజమానులగు వాల్వు సంస్థకే యీ భయము గలిగెను. వారు 2013లో స్టీమును లినక్సునకు దెచ్చిరి. ధనికుడైన వర్తకునికే యట్లుండగా చిన్న నిర్మాతల మాట చెప్పనేల?

ఇప్పుడు శ్రమయు దగ్గినది. విండోసు భాషను లినక్సునకు దెలియజెప్పు దుబాసివంటి వైను అను సాధనము 1993లో మొదలయ్యెను. దాని యాధారముతో వాల్వువారు 2018లో ప్రోటాను అనుదానిని వెలువరించిరి. 2022లో వచ్చిన స్టీము డెక్కు అను చేతియంత్రము లినక్సుతోనే నడచును. కావున పెక్కు ఆటలకు వేరుగా వ్రాయవలసిన పని లేదు, అడ్డుపడకున్న జాలును. మోసగాండ్రను బట్టుకొను కాపరి సాధనములలో రెండు ముఖ్యమైనవి 2021లో ప్రోటానుతో బని చేయుట కనుకూలింపబడెను. అయినను నిర్మాత యంగీకరింపవలెను. ఎపెక్స్ లెజెండ్స్ అను ఆటవారు మోసములు హెచ్చినవని 2024లో లినక్సువారిని నిషేధించిరి. మోసమును నివారింపవలసినదే. కాని దొంగ యొకడు వచ్చిన వీధిలోని వారినందరిని వెలివేయుట న్యాయము కాదు.

నా సిద్ధాంత మిది. చిన్న నిర్మాత ప్రతి వ్యవస్థకును వేరుగా వ్రాయవలెనని నిర్బంధింపరాదు. కాని సాధ్యమైనంతవరకు అన్ని వ్యవస్థలకును చెల్లెడి సాధనములనే మొదటినుండి వాడుట మేలు. దుబాసి వచ్చిన యెడల తలుపు మూయరాదు. ఒకసారి మూల్యము గొని యమ్మినదానిని మధ్యలో నుపసంహరింపరాదు. తప్పనిసరి యైనచో మూల్యమును మరల నీయవలెను. కొనినవా డొక్కడైనను వానికిచ్చిన మాట మాటయే.

ఇంతటితో విరమించుచున్నాను.