స్టీరింగ్ నా చేతికొచ్చింది!

ఎదురుగా నిలువెత్తు నల్లరాతి కొండ. దాని మొదట్లో చీకటిగా సొరంగం. ముందు ఎర్రలైటు పడింది. స్టీరింగ్ పట్టుకున్న నా చేతులకి చెమటలు. పక్క సీట్లో, కాలికి కట్టుతో మావారు.

‘భయంగా ఉందా?’ అన్నారు.

‘ఉంది’ అన్నాను.

‘నాకూ ఉంది’ అన్నారాయన. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి!

అసలు ఈ ప్రయాణంలో నేను బండి నడపాల్సిందే కాదు. నలభై అయిదో ఏట కారు నేర్చుకున్నా. విజయవాడలో నా డ్రైవింగ్ అంతా ఇంటి నుంచి రైతుబజారు దాకానే. బెంజి సర్కిల్ వస్తోందంటే చాలు, ‘ఇటివ్వు’ అని ఆయన స్టీరింగ్ తీసుకునేవారు. అమ్మాయి పెళ్ళయ్యాక ఇద్దరమే ఎటైనా వెళ్దామనుకుని న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్ ఎంచుకున్నాం. అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు చెల్లుతుంది. వ్యాన్ అద్దెకి తీసుకునేటప్పుడు రెండో డ్రైవరుగా నా పేరూ రాయించాం. ‘ఊరికే, ఉంటే మంచిదని’ అన్నారు మావారు.

ఇల్లంతా వ్యాన్‌లోనే

మేం వెళ్ళింది ఫిబ్రవరిలో. అక్కడ అది ఎండాకాలం. క్రైస్ట్‌చర్చ్‌లో దిగగానే ముందు తిండి పరీక్ష. పచ్చి కరివేపాకు ఇంట్లోనే వదిలేశాం. ఆవకాయ, కందిపొడి, మసాలాలు, చివరికి బూట్ల సంగతి కూడా ఫారంలో రాశాం. తిండి పదార్థాలు దాచి దొరికిపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. బూట్ల అడుగున మట్టి ఉన్నా ఒప్పుకోరు. అన్నీ చూసి పంపించారు. ఆవకాయ బతికిపోయింది!

మా క్యాంపర్ వ్యాన్‌లో మంచం, గ్యాస్ పొయ్యి, సింకు, చిన్న టాయిలెట్ ఉన్నాయి. ఆ దేశంలో క్యాంప్‌గ్రౌండ్ కాని చోట బండి ఆపి పడుకోవాలంటే చాలాచోట్ల ఇలాంటి వసతులున్న బండే కావాలి, దానికి ధ్రువపత్రమూ ఉండాలి. వాడిన నీళ్ళనీ, టాయిలెట్ పెట్టెనీ ప్రత్యేకంగా కట్టిన చోటే ఖాళీ చేయాలి. ఆ పెట్టె పని మావారిదని ముందే ఒప్పందం.

మొదటి మజిలీ టెకపో సరస్సు. హిమానీనదాలు రాళ్ళని అరగదీసిన మెత్తటి పొడి నీళ్ళలో కలవడంవల్ల దానికి పాలు కలిపినట్టుండే నీలం రంగు. ఒడ్డున 1935లో కట్టిన చిన్న రాతి చర్చి. ఈ ప్రాంతాన్ని 2012లో అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్‌గా గుర్తించారు. వీధిదీపాల వెలుగు కూడా ఆకాశంలోకి పోకుండా చూసుకుంటారు. ఆ రాత్రి దుప్పట్లు కప్పుకుని బయట కూర్చున్నాం. మనకి తెలిసిన ఓరియన్ చుక్కలు అక్కడ తలకిందులుగా కనిపించాయి. పెసరపప్పు చారు తాగుతూ, ఎన్నేళ్ళయిందో ఇలా ఊరికే కూర్చుని అనుకున్నాం.

అలిపిరి ఎక్కినాయన

మర్నాడు అయోరాకి మౌంట్ కుక్. 3,724 మీటర్లతో ఆ దేశంలోకెల్లా ఎత్తయిన శిఖరం. ఎవరెస్టుకి ముందు ఎడ్మండ్ హిల్లరీ పర్వతారోహణలో రాటుదేలింది ఇలాంటి కొండల మీదే. కొండ కిందున్న వైట్ హార్స్ హిల్ క్యాంప్‌సైట్‌లో దిగాం. అక్కడి నుంచి సీలీ టార్న్స్‌కి కాలిబాట. 2,200 మెట్లు!

‘అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాణ్ణి, ఇదెంత!’ అన్నారు మావారు. నిజంగానే ఎక్కేశారు. పైనుంచి మంచుకొండలు చూసి మురిసిపోయాం. దిగేటప్పుడే, ఇంకో వంద మెట్లున్నాయనగా కాలు మడతపడింది. వ్యాన్ చేరేసరికి చీలమండ బూరెలా పొంగింది.

ఎముక విరగలేదుగానీ కొన్నాళ్ళు ఆ కాలితో పెడల్ తొక్కొద్దన్నారు డాక్టరు. (అక్కడ ప్రమాదంలో గాయపడితే వైద్యం ఖర్చులో కొంత ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థ భరిస్తుంది, మనలాంటి సందర్శకులకి కూడా.) ‘వెనక్కి వెళ్ళిపోదామా?’ అన్నారాయన. ఆ మాటలో ‘నీవల్ల కాదు’ అన్నది నాకే వినిపించిందో, ఆయనే అన్నారో తెలీదు. తాళం తీసుకున్నా.

మొదటి గంట నరకం. ఆయన బాగున్న కాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. ‘ఎడమకి... నెమ్మది... అదిగో లారీ!’ పక్కగాలికి వ్యాన్ ఊగిపోతోంది. ఒక్క బండి మాత్రమే పట్టే వంతెన వస్తే నా గుండె ఆగేది. బోర్డు మీద మన వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే మనం ఆగాలి. ఆగాను. ఎదురుగా వచ్చినాయన స్టీరింగ్ మీద నుంచి ఒక వేలెత్తి ‘థాంక్స్’ చెప్పి వెళ్ళాడు. వెనక కార్లు చేరితే ఎడమ పక్కకి తీసి దారివ్వడం నేర్చుకున్నా. ఎవరూ హారన్ కొట్టలేదు.

971 మీటర్ల ఎత్తులో లిండిస్ పాస్. బంగారు రంగు గడ్డి కప్పుకున్న కొండల మధ్య మలుపులు. ‘చూశారా ఎంత బాగుందో!’ అన్నా. జవాబు లేదు. తిరిగి చూస్తే గురక పెడుతున్నారు! బండి నేను నడుపుతుంటే ఆయన నిద్రపోయారు. ఏ ఆర్టీవో ఇచ్చే లైసెన్సూ దానికి సాటిరాదు.

పచ్చలైటు పడింది

వనాకా, క్వీన్స్‌టౌన్, టె అనౌ దాటి మిల్‌ఫోర్డ్ సౌండ్ దారిలో పడ్డాం. ముందు రోజు రాత్రి ఎగ్లింటన్ లోయలో క్యాస్కేడ్ క్రీక్ క్యాంప్‌సైట్‌లో మజిలీ. టాయిలెట్ పెట్టె ఒప్పందం కూడా ఎప్పుడో నా మీదికొచ్చేసింది. ఆయన కూర్చుని వంట మొదలుపెట్టారు. పోపు మాడ్చారు. తిన్నాను.

ఆ మర్నాడే హోమర్ టన్నెల్. 1935లో అయిదుగురు కూలీలు గునపాలతో మొదలెట్టిన పని. మధ్యలో హిమపాతాలు, యుద్ధం. బండ్లకి తెరిచింది 1954లో. 1.2 కిలోమీటర్ల పొడవునా గట్టి వాలు, చెక్కిన రాయి చెక్కినట్టే. లైటు కోసం ఆగినప్పుడు కియా చిలకొకటి వచ్చి వైపర్ రబ్బరు పీకడం మొదలెట్టింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. దాంతో భయం సగం పోయింది. పచ్చలైటు పడింది. వెళ్ళాను.

అవతల మిల్‌ఫోర్డ్‌లో వాన. అక్కడ ఏడాదికి ఆరు మీటర్లకు పైగా కురుస్తుందట. కొండల నిండా ఎక్కడ చూసినా జలపాతాలే. గొడుగు కింద ఆయన నా భుజం పట్టుకుని నిలబడ్డారు. కాలు నొప్పికే అనుకోండి!

మౌంట్ కుక్ నుంచి క్వీన్స్‌టౌన్‌లో వ్యాన్ అప్పగించేదాకా సుమారు 850 కిలోమీటర్లు నేనే నడిపాను. గన్నవరంలో దిగాక అల్లుడు కారు తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. కాలు ఎప్పుడో బాగయింది. ఆయన తాళం నాకిచ్చి, కుంటకుండా నడిచివెళ్ళి ఎడమవైపు తలుపు తీసి కూర్చున్నారు. బెంజి సర్కిల్ దగ్గర మాత్రం ఒక్కసారి ‘నెమ్మది’ అన్నారు. అంతే!