కాలిబాటపై పడినవారికి బాధ్యులెవరు?

హైదరాబాదు తూర్పు భాగమున, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌లకు ఆవల అల్మాస్‌గూడ యున్నది. ఒకప్పుడది గ్రామము; నేడు నగరముతో కలిసిపోయినది. ఇట్లు వేగముగా పెరిగిన ప్రాంతములలో కాలిబాట వేయుట తరచుగా చివరి పని యగును. వేసిన పిదపను మంచినీటి గొట్టము కొరకు ఒకమారు, మురుగు కాలువ కొరకు మరియొకమారు త్రవ్వి, తీసిన రాళ్లను సరిగా పరవకయే విడుతురు. అట్టిచోట ఒక వృద్ధురాలి కాలికి ఎగుడు రాయి తగిలి, ఆమె పడి, తుంటి యెముక విరిగినదనుకొనుడు. చికిత్స వ్యయమును ఎవరు భరింపవలెను? “చూచుకొని నడువవలదా?” అని చుట్టునున్నవారందురు. న్యాయశాస్త్రము అంతటితో ఊరకుండదు. ఆ రాయి అట్లుండుటకు కారకులెవరని కూడ అడుగును.

ఈ ప్రశ్నకు పూర్వకాలపు సమాధానము కఠినమైనది. 1788లో ఇంగ్లండులోని డెవన్ మండలమున పాడుపడిన వంతెనపై ఒకని బండి దెబ్బతినగా, అతడు మండల ప్రజలపై దావా వేసెను. పరిహారమిచ్చుటకు ప్రజలకు ఉమ్మడి నిధి లేదనియు, పదిమందికి ఇబ్బంది కలుగుటకంటె ఒకడు నష్టపడుటయే మేలనియు న్యాయస్థానము దావాను కొట్టివేసెను. నష్టపడినవాడును ఆ పదిమందిలో నొకడే గదా! అటు పిమ్మట చాలకాలము ఆ దేశమున ఒక వింత భేదము నడచెను. పాలకులు బాటను త్రవ్వి చెడగొట్టినచో తప్పు. అసలు మరమ్మతే చేయకున్నచో తప్పు కాదు! 1961 నాటి చట్టము ఈ భేదమును తొలగించెను. అయినను ప్రతి మిట్టకును పరిహారము లేదు. 1968 నాటి లివర్‌పూల్ వ్యాజ్యములో, అరంగుళము లోతు గుంట వలన పడిన యువకుని కోరికను న్యాయమూర్తి త్రోసిపుచ్చెను. రాళ్ల నడుమ అంగుళమంత హెచ్చుతగ్గులు నడచువారు ఓర్చుకొనవలసినవే యనెను.

మన దేశమునను ఇట్టి వ్యాజ్యములు కలవు. ఉత్తరప్రదేశములోని జౌన్‌పూరు పురపాలక సంఘము బాటలో గుంట త్రవ్వించి, దీపము గాని అడ్డుకంచె గాని పెట్టలేదు. చీకటిలో సైకిలుపై వచ్చిన యొకడు అందులో పడి గాయపడెను. అతని సైకిలునకును దీపము లేదు. అయినను, దీపమున్నచో గుంట కనబడియుండెడిదని రుజువు కాలేదు. కనుక అలహాబాదు హైకోర్టు పురపాలక సంఘమునే బాధ్యురాలిగా నిర్ణయించెను. 1978 నాటి న్యాయ నివేదికలలో ఈ తీర్పు ఉన్నది.

ఢిల్లీ చాందినీచౌకులో నగరపాలక సంస్థకు చెందిన పాత గడియారపు స్తంభము కూలి బాటసారులు మరణించిరి. లోపము తమకు తెలియదను సమాధానమును 1966లో సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. ఎనుబదియేండ్ల కట్టడమును పరీక్షించుచుండుట యజమాని విధియని చెప్పెను. కాని రాజకోటలో దారిప్రక్క చెట్టు పడి ఒక బాటసారి మరణింపగా, 1997లో అదే న్యాయస్థానము నగరపాలక సంస్థకు బాధ్యత లేదనెను. కావున బాధితుడు గెలుచునని ముందుగా చెప్పుటకు వీలులేదు.

ఇటీవల గాలి కొంత మారినది. సురక్షితమైన కాలిబాటపై నడచుట రాజ్యాంగములోని 21వ అధికరణము క్రింద హక్కేయని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పెను. అదే యేడు అక్టోబరులో బొంబాయి హైకోర్టు, రోడ్డు గుంతల వలనను, మూతలేని మురుగు గుంటల వలనను మరణించినవారి కుటుంబములకు 6 లక్షల రూపాయలును, గాయపడినవారికి 50 వేలు మొదలు రెండున్నర లక్షల వరకును ఇయ్యవలెనని ఆదేశించెను.

బాట చెడియున్నట్లు పాలకులకు ముందే తెలియునా యనునదియు ఇట్టి వ్యాజ్యములలో ముఖ్యమైన విషయము. న్యూయార్కు నగరమున, లోపమును ముందుగా వ్రాతమూలకముగా తెలిపియుండనిచో నగరము బాధ్యత వహింపదని 1979లో ఒక నియమము వచ్చెను. అంతట అచటి న్యాయవాదులు ఒక సంఘముగా నేర్పడి, మనుష్యులను వీధివీధికి పంపి, ప్రతి పగులును, గుంటను, ఎగుడు రాయిని పటములపై గుర్తింపజేసి, ఆ పటములను నగరమునకే అందజేసిరి!

మన యొద్దను ఫిర్యాదు నకలు, ఆసుపత్రి చీటి, తేదీతో కూడిన ఛాయాచిత్రము ఉన్నచో పడినవారి మాటకు బలము హెచ్చును. ఛాయాచిత్రములో రాయి ప్రక్కన ఒక కొలబద్దను నిలుపుట మంచిది. మరమ్మతు జరిగిన మరునాడు ఆ రాయి ఎత్తును ఎవరును కొలువజాలరు.