ఎర్రమాత్ర వెనక ఒక తెలుగు బిడ్డ



అనంతపురం జిల్లాలో కంబదూరు అని ఒక ఊరు ఉంది. కల్యాణదుర్గం వైపు వెళితే వస్తుంది. వాన తక్కువ, ఎర్రనేల, శెనక్కాయ పంట. ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన పడితే గొప్ప. అలాంటి ఊళ్ళో చూలాలికి నాలుగో నెల రాగానే నర్సమ్మ ఎర్రమాత్రలు చేతిలో పెడుతుంది. పట్నంలో ఉన్న మీ అమ్మాయికీ, మీ కోడలికీ డాక్టరమ్మ రాసిచ్చేవి ఆ రకం మాత్రలే. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఇనుము సంగతి అందరికీ తెలుసు. రెండోదాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి చూపిన బృందానికి నాయకుడు మన తెలుగువాడేనని ఎందరికి తెలుసు? ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన గురించీ, ఆ మాత్ర గురించీ ఈ పూట నాలుగు మాటలు చెబుతాను.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస ఉండేది కాదు. పదమూడో ఏట, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి వెనక్కి రప్పించింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మన ఇళ్ళల్లో పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి ఎన్ని మాటలంటామో ఒక్కసారి గుర్తు చేసుకోండి!

తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అవి స్వరాజ్య ఉద్యమం రోజులు. ఆయన ఖద్దరు గౌను వేసుకుని శస్త్రచికిత్స గదిలోకి వెళ్ళారు. అది తెల్లదొర ప్రొఫెసరుకు నచ్చలేదు. ఎం.బి.బి.ఎస్. రావలసినవారికి తక్కువ రకపు ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది. ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో మనిషి నీరసించి, రక్తం హరించిపోయే రోగం అది. మనవాళ్ళు సంగ్రహణి అంటారు. ఆయనకూ అదే జబ్బు వస్తే, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో బతికి బయటపడ్డారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

1919లో శేషగిరిగారితో పెళ్ళయింది. ఆ తర్వాత, మామగారూ స్నేహితులూ సాయం చేస్తే అమెరికా ఓడెక్కారు. బోస్టన్ నగరంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువు. మరి పొట్ట గడవాలి కదా! ఒక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పనికి కుదిరారు. పగలు చదువు, రాత్రి ఆ పని.

అక్కడ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర చేరి, 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఆయనతో కలిసి కనిపెట్టారు. మందు కలిపితే ద్రవం నీలంగా మారుతుంది. నీలం ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువన్నమాట. ఆ పద్ధతి తెచ్చిన దారిలోనే 1929లో కండరాల్లో ఏ.టి.పి. అనే పదార్థం బయటపడింది. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు.

ఏ.టి.పి. అంటే ఏమిటంటారా? మీ దగ్గర వందరూపాయల నోటుంది. కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కట్టకు ఆ నోటు చెల్లదు, చిల్లర కావాలి. మనం తిన్న సంగటి, అన్నం, పప్పు పెద్దనోటు లాంటివి. ఒళ్ళు వాటిని ఏ.టి.పి. అనే చిల్లరగా మార్చుకుని, రోలు తిప్పడానికీ, బిందె ఎత్తడానికీ, చివరికి కనురెప్ప వాల్చడానికీ ఖర్చుపెడుతుంది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకు మారారు. అసలు కథ ఇక్కడే.

అంతకు పదేళ్ళ ముందు, బొంబాయి నూలుమిల్లుల్లో పనిచేసే చూలాళ్ళు రక్తహీనతతో చచ్చిపోతుంటే, లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ వచ్చి పరిశీలించింది. ఈస్ట్ సారం తినిపిస్తే కోలుకున్నారని 1931లో ప్రకటించింది. ఆ సారంలో ఏదో ఉంది, అదేమిటో తెలియదు. 1941లో పాలకూర నుంచి దాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థమొచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. కానీ ఆకుల్ని టన్నులకొద్దీ వడగట్టినా దొరికేది చిటికెడు. ఊరికి పంచేదెలా? 1945లో సుబ్బారావుగారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతి సాధించింది. కొద్ది కాలానికే సంగ్రహణి రోగులకూ అది మేలు చేస్తుందని తేలింది. తోడబుట్టినవాళ్ళను మింగిన జబ్బుకు ఆయన చేతుల మీదుగానే మందు వచ్చిందన్నమాట.

అంతటితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించి, కణాన్ని మోసగించే దొంగ తాళంచెవుల లాంటి మందుల్ని ఆ బృందమే తయారుచేసింది. 1948లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు వాటిలో ఒకదానితో పసిపిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించగలిగాడు. వాటిలోనిదే మెథోట్రెక్సేట్. ఇప్పటికీ క్యాన్సర్‌కూ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు. అయితే గర్భిణులు దాని జోలికి పోకూడదు. బోదకాలు నివారణకు ఏటా పంచే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం ఇచ్చిందే.

1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళకే, ఆయన కన్నుమూశారు. ఇండియాకు తిరిగి రాలేదు. శేషగిరిగారు భర్తను మళ్ళీ చూడలేదు. ఆయనకు నోబెల్ రాలేదు, పెద్ద బహుమతులేవీ రాలేదు. మన తపాలాశాఖ 1995లో ఒక బిళ్ళ మాత్రం వేసింది. బహుమతుల పట్టికలో లేని ఈ శాస్త్రవేత్త పేరు మన మందుల డబ్బాలో మాత్రం ఉందనుకోవాలి.

మరి ఆ మాత్రను మనం ఏం చేస్తున్నాం? కంబదూరు లాంటి ఊళ్ళల్లోనే కాదు, పట్నంలోనూ మాత్రలు పరుపు కింద దాచేవాళ్ళున్నారు. అవ్వలు అడ్డం పడతారు: బిడ్డ నల్లగా పుడుతుందని, బిడ్డ లావై కానుపు కష్టమవుతుందని. రెండూ ఉత్తమాటలు. విరేచనం నల్లగా అవుతుంది, అది ఇనుము వల్ల, భయం లేదు. వికారం అనిపిస్తే అన్నం తిన్నాక వేసుకోవాలి. కాఫీ, టీలకూ మాత్రకూ మధ్య గంటైనా ఎడం ఉండాలి. నిమ్మకాయ పిండుకున్న భోజనంతో అయితే ఇనుము బాగా ఒంటబడుతుంది. క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు. నాలుగో నెల నుంచి ఆర్నెల్లు, కానుపయ్యాక మరో ఆర్నెల్లు, రోజుకొకటి.

ఇంకో ముఖ్యమైన సంగతి. గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే బిడ్డ వెన్నుకూ మెదడుకూ మూలమైన గొట్టం మూసుకోవాలి. అప్పటికి తల్లికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. 1991లో బ్రిటన్‌లో ముగిసిన ఒక పెద్ద పరిశీలనలో, అంతకుముందు వెన్నులోపమున్న బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందు నుంచీ ఫోలిక్ ఆమ్లం వాడితే, ఆ లోపం మళ్ళీ రావడం నూటికి డెబ్బైవంతులకు పైగా తగ్గిందని తేలింది. కాబట్టి పెళ్ళైన అమ్మాయి బిడ్డను కోరుకునే నాడే డాక్టరమ్మను అడిగి మాత్ర మొదలుపెట్టాలి. అయితే సొంత వైద్యం వద్దు. బి12 లోపముంటే ఉత్త ఫోలిక్ ఆమ్లం దాన్ని కప్పిపుచ్చుతుంది, నరాలకు కీడు జరగవచ్చు.

వంటింట్లో కూడా ఫోలేటు ఉంది. ఆకుకూరలు, అలసందలు, శనగలు, పెసలు, మన శెనక్కాయలు. సంగటి పక్కన శెనక్కాయల ఊరిబిండి వేసుకునే రాయలసీమ అలవాటు మంచిదే. కానీ ఈ విటమిను నీళ్ళలో కరిగిపోతుంది, వేడికి నశిస్తుంది. ఆకుకూర కడిగాకే తరగండి, తక్కువ నీళ్ళతో మూతపెట్టి వండండి, ఉడికిన నీళ్ళు పారబోయకండి.

సుబ్బారావుగారికి మనం ఇవ్వగల బహుమతి ఒక్కటే. ఇంట్లో చూలాలి మాత్ర చెత్తబుట్టలో పడకుండా చూడడం. ఈ రాత్రి భోజనాలయ్యాక కోడల్ని అడగండి, "మాత్ర వేసుకున్నావా తల్లీ?" అని. సెలవు.